బీఏ అయ్యాక బైబిల్ పరిశోధన చేస్తానంటోంది... ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది బీఏ పూర్తి చేసింది. చరిత్ర, ఇంగ్లిష్ సాహిత్యం తన సబ్జెక్టులు. బీఈడీ చేయమంటే వద్దంటోంది. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిల్ మీద పరిశోధన చేస్తానంటోంది. మాది సీఎస్‌ఐ సంఘం. మా పాస్టరుగారిని అడిగితే ‘ఆ కాలేజీల్లో బైబిల్ని ముక్కలు చేసి చెబుతారమ్మా, విశ్వాసం నిలవదు’ అన్నారు. బంధువులేమో ఆడపిల్లకి పాస్టరు చదువేంటి, ఉద్యోగం ఎవరిస్తారు అంటున్నారు. నేను ప్రభుత్వ బడిలో టీచర్ని. ఇంట్లో సంపాదన నాదొక్కదానిదే. నిద్ర పట్టనంత టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కృష్ణా జిల్లా

జవాబు: అమ్మా, మీ అమ్మాయి అడుగుతున్నది పాస్టరు చదువు కాదు. మన దగ్గర పాస్టరు చదువు, బైబిల్ పరిశోధన రెండూ ఒకే కాలేజీలో, మొదట్లో ఒకే డిగ్రీలో ఉంటాయి కాబట్టి బంధువులు అలా అనుకోవడంలో వింత లేదు. ఆమెకు కావలసింది ప్రాచీన గ్రంథాన్ని చదివే విద్య. ఈ భాగం ఎవరు రాశారు, ఏ కాలంలో, ఎవరి కోసం? ఒక రాతప్రతి నుంచి ఇంకో రాతప్రతికి ఏం మారింది? మొదట విన్నవాళ్ళకు అది ఎలా అర్థమై ఉంటుంది? పని అంతా ఇలాంటి ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

పాస్టరుగారు ‘ముక్కలు చేస్తారు’ అన్నది దేని గురించో మీ ఇంట్లో ఉన్న తెలుగు బైబిల్లోనే చూడొచ్చు. ఆదికాండము 6వ అధ్యాయంలో నోవహు ప్రతి జాతిలోనూ రెండేసి చొప్పున ఓడలోకి తీసుకెళ్ళాలి. 7వ అధ్యాయం మొదట్లో పవిత్ర జంతువులైతే పోతులు ఏడు, పెంటులు ఏడు అని ఉంటుంది. అదే అధ్యాయంలో ఒకచోట జలప్రళయం నలభై రోజులు, చివరి వచనంలో నీళ్ళు నూట యాభై రోజులు. కొన్ని వచనాల్లో ‘దేవుడు’, కొన్నింటిలో ‘యెహోవా’. 1753లో జాన్ ఆస్ట్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ పేర్లు మారే చోట్లను పట్టుకుని, ఆదికాండంలో పాత కథనాలు రెండు ప్రధానంగా కలిసి ఉన్నాయని, వాటిని విడదీసి పక్కపక్కన పెట్టి చదవొచ్చని చూపించాడు. 1878లో జర్మన్ పండితుడు యూలియుస్ వెల్‌హౌజెన్ దాన్ని పెంచి, మోషే ఐదు గ్రంథాల (బైబిల్ మొదటి ఐదు పుస్తకాల) వెనక నాలుగు మూలాలు ఉన్నాయనే సిద్ధాంతాన్ని స్థిరపరిచాడు. దాన్ని అందరూ అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోవడం లేదు. ఉంబెర్తో కస్సుటో అనే యూదు పండితుడు గట్టిగా ఎదిరించాడు. యూరప్‌లో ఇవాళ చాలామంది నాలుగు మూలాల లెక్కనే వదిలేసి వేరే రకంగా ఆలోచిస్తున్నారు. మీ అమ్మాయి చదవబోయేది ఈ వాదనల్ని. ఎవరో తేల్చి పెట్టిన తీర్పును కంఠస్థం చేయడం కాదు.

ఇంకో పద్ధతి పాఠ పరిష్కరణ. ఇది మన తెలుగువాళ్ళకు కొత్తది కాదు. సీపీ బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడంటే దాని వెనక ఉన్నది రాతప్రతులు పోగేసి, పాఠాంతరాలు పోల్చి చూసే పనే. బైబిల్ విషయంలో ఆ పని ఇంకా పెద్దది. మార్కు సువార్త చివరి అధ్యాయం తీసుకోండి. 9వ వచనం నుంచి 20 దాకా ఉన్న భాగం, 4వ శతాబ్దపు రెండు ప్రధాన గ్రీకు ప్రతుల్లో, అంటే సైనాయిటికస్, వాటికానస్‌లలో లేదు. అలాగని ప్రతి కొత్త ప్రతీ పాత నమ్మకాన్ని పడగొడుతుందనుకోవద్దు. 1947లో మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో యెషయా గ్రంథపు చుట్ట బయటపడింది. పొడవు ఏడు మీటర్లకు పైనే. హీబ్రూ బైబిల్ మొత్తం చెక్కుచెదరకుండా ఇవాళ్టికీ మిగిలి ఉన్న ప్రతుల్లో పాతది 1008 నాటిది. ఈ చుట్ట దానికంటే వెయ్యేళ్ళకు పైగా పాతది. రెండూ పోల్చి చూస్తే వర్ణక్రమంలో, మాటల్లో తేడాలు చాలానే ఉన్నా, మొత్తం మీద అదే యెషయా.

మన దేశంలో పుట్టిన పద్ధతి కూడా ఒకటుంది. అరవింద్ నిర్మల్ 1980ల మొదట్లో బెంగళూరులో మొదలుపెట్టి, తర్వాత చెన్నైలోని గురుకుల్ అనే క్రైస్తవ వేదాంత కళాశాలలో దళిత వేదాంతానికి (ఇక్కడ వేదాంతం అంటే క్రైస్తవ దైవశాస్త్రం) రూపం ఇచ్చాడు. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో, ఊరూ పేరూ లేని బానిసలు తమ గతాన్ని తామే చెప్పుకునే భాగాన్ని దళితుల చరిత్రతో కలిపి చదివాడు. శ్రీలంకకు చెందిన ఆర్.ఎస్. సుగీర్తరాజా ఇంగ్లండులో ఉండి, వలస పాలన బైబిల్ని ఎలా వాడుకుందో తరచి చూశాడు. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది ఏ వాడల నుంచి వచ్చారో మీకు చెప్పనక్కర్లేదు. చరిత్ర చదివిన అమ్మాయికి ఇక్కడ సొంతంగా చేయగల పని బోలెడుంది. పాత నిబంధన మూలాల మీద ఆమె కొత్తగా చెప్పేది కొంచెమే ఉండొచ్చు. తెలుగు సంఘాలు బైబిల్ని నూట యాభై ఏళ్ళుగా ఎలా విన్నాయి, ఎలా పాడుకున్నాయి అన్నదాని మీద రాయాల్సింది మాత్రం చాలా మిగిలి ఉంది.

ఇక విశ్వాసం సంగతి. మీ పాస్టరుగారి భయాన్ని నేను కొట్టిపారేయను. వెల్‌హౌజెన్ 1882లో గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయంలో వేదాంత ఆచార్య పదవిని తనంతట తానే వదులుకున్నాడు. తన పాఠాలు విద్యార్థుల్ని సంఘ సేవకు సిద్ధం చేయకపోగా అందుకు పనికిరాకుండా చేస్తున్నాయని ఆయన మనస్సాక్షికి తోచింది. కానీ ఆస్ట్రుక్ అసలు ఉద్దేశం వేరు. ఆదికాండం మోషే రాసిందేనని నిలబెట్టడానికే, మోషే దగ్గర పాత పత్రాలు ఉన్నాయని ఆయన వాదించాడు. అదే పద్ధతి ఒకరిని ఒకవైపు, ఇంకొకరిని ఇంకోవైపు తీసుకెళ్ళింది. కాథలిక్ సభ కూడా మొదట్లో ఈ పద్ధతుల్ని అనుమానించి, 1943లో పన్నెండో పయస్ పోపు లేఖతో తలుపు తెరిచింది. మీ సంఘంలోనే చూడండి. విక్టర్ ప్రేమసాగర్ గారు స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో పాత నిబంధన మీద పరిశోధన చేసి వచ్చారు. ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేశారు, మెదక్ బిషప్ అయ్యారు, సీఎస్‌ఐ మొత్తానికి పెద్ద అయిన మోడరేటర్ కూడా అయ్యారు. మీ అమ్మాయి విశ్వాసం ఏమవుతుందో నేను చెప్పలేను, పాస్టరుగారూ చెప్పలేరు. ఇరవై ఏళ్ళు దాటిన పిల్ల, ఆమె ప్రశ్నలు ఆమెవి. కాలేజీకి పంపకపోతే ఆ ప్రశ్నలు రావని మాత్రం అనుకోకండి. ఫోన్‌లో అన్నీ దొరుకుతున్నాయి, అవీ సగం సగం.

అసలు చూడాల్సింది వేరే ఉంది. భాషల మీద ఆమెకు నిజంగా ఆకలి ఉందా? ఈ రంగంలో తెలివైన అభిప్రాయాలు ఉన్నవాళ్ళకు కొదవ లేదు. హీబ్రూ క్రియారూపాలు ఏడాది పాటు రోజూ రాసి దిద్దుకునే ఓపిక ఉన్నవాళ్ళే తక్కువ. హీబ్రూ, గ్రీకు తర్వాత కొంచెం అరామిక్ కావాలి. పీహెచ్‌డీ దాకా వెళ్తే జర్మన్, ఫ్రెంచి చదివి అర్థం చేసుకోగలగాలి. ఇది లేకుండా మిగిలిందంతా ఇతరుల పుస్తకాల సారాంశమే అవుతుంది. అందుకని ఏ ఫీజూ కట్టకముందే ఇంట్లో పరీక్షించి చూడండి. ఆరు నెలలు టైమివ్వండి. ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరికే పాఠాలతో హీబ్రూ లిపి, మొదటి వ్యాకరణం నేర్చుకుని రూతు గ్రంథం మొదటి అధ్యాయం కూడబలుక్కుని చదవమనండి. మొత్తం గ్రంథం నాలుగు అధ్యాయాలే, కొత్తవాళ్ళకు అనువైన హీబ్రూ. దాంతోపాటు యేల్ విశ్వవిద్యాలయం ఉచితంగా పెట్టిన క్రిస్టీన్ హేస్ గారి హీబ్రూ బైబిల్ ఉపన్యాసాలు వినమనండి. పైన చెప్పిన మూలాల చర్చ అందులో ఉంది. ఆరు నెలల తర్వాత కూడా పొద్దున్నే లేచి హీబ్రూ నోట్‌బుక్ తీస్తోందంటే ఆపకండి. ఉపన్యాసాలు నచ్చి, హీబ్రూ విసుగొస్తే, ఆమెకు ఇష్టం మతాల చరిత్ర మీద. దానికి సెమినరీ (వేదాంత కళాశాల) అక్కర్లేదు, చరిత్రలో ఎంఏ చాలు.

ఎక్కడ చదవాలంటే, దారులు రెండు. మొదటిది బెంగాల్‌లోని సెరంపూర్ దారి. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో పెట్టిన కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చాడు. 1918 చట్టంతో ఆ డిగ్రీల వ్యవహారం చూసే సెనేట్ ఏర్పడింది. దాని కింద హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, బెంగళూరులో 1910 నుంచి ఉన్న యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, చెన్నైలో గురుకుల్ ఉన్నాయి. డిగ్రీ చేసినవాళ్ళకు బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) సాధారణంగా నాలుగేళ్ళు, తర్వాత పాత నిబంధన లేదా కొత్త నిబంధనలో ఎంటీహెచ్ (మాస్టర్ ఆఫ్ థియాలజీ) రెండేళ్ళు. భాషలు బాగా నేర్పేది ఈ దారిలోనే. రెండోది విశ్వవిద్యాలయం దారి. మద్రాసు విశ్వవిద్యాలయంలో క్రైస్తవ అధ్యయనాల శాఖ ఉంది. యూజీసీ నెట్‌లో మతాల తులనాత్మక అధ్యయనం ఒక సబ్జెక్టుగా ఉంది.

నా సలహా అయితే ఇది: ముందు రెండేళ్ళు మంచి విశ్వవిద్యాలయంలో చరిత్ర లేదా ఇంగ్లిష్ ఎంఏ, పక్కన జర్మన్ సర్టిఫికెట్ కోర్సు, ఆ తర్వాత బీడీ. ఆలస్యమవుతుందని అమ్మాయి గొడవ పెడుతుంది, పెట్టనివ్వండి. వేదాంత డిగ్రీలను ఏ విశ్వవిద్యాలయం దేనికి సమానంగా లెక్కేస్తుందన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. చేతిలో మామూలు ఎంఏ ఉంటే నెట్ రాయడానికి, జూనియర్ కాలేజీలో చెప్పడానికి, విదేశాలకు దరఖాస్తు చేయడానికి ఆ తలనొప్పి ఉండదు. బీడీ మీదే వేరే విశ్వవిద్యాలయంలో సీటు అడగాలనుకుంటే, వాళ్ళు ఒప్పుకుంటారో లేదో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఉద్యోగం మాటకొస్తే దాచకుండా చెబుతాను, గేటు ఇరుకు. వేదాంత కళాశాలల్లో బోధన ప్రధానం. జీతం మీ ప్రభుత్వ టీచరు జీతంతో పోల్చుకుంటే నిరాశే మిగులుతుంది. రెండోది అనువాదం. బెంగళూరులోని బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా లాంటి సంస్థలకు మూలభాషలు, భాషాశాస్త్రం రెండూ తెలిసినవాళ్ళు కావాలి. గిరిజన భాషల్లో ఈ పని ఇంకా చాలా ఉంది. అమ్మాయికి తెలుగు గట్టిగా ఉంటే నేను బోధన కంటే దీనివైపే మొగ్గుతాను. ఎడిటింగ్, ప్రచురణ పనులు ఉంటాయి కానీ వాటిమీదే ఇల్లు గడవదు. అభిషేకం పొంది సంఘ సేవ చేయాలనిపిస్తే మీ సీఎస్‌ఐలో ఆడవాళ్ళకు ఆ తలుపు తెరిచే ఉంది. 2013లో నంద్యాల డియోసిస్‌కు (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతానికి) పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సీఎస్‌ఐలో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ. బంధువులకు ఈ ఒక్క మాట చెప్పండి, మిగతాది వాళ్ళే మాట్లాడుకుంటారు.

విదేశాల సంగతి ఎంఏ, బీడీ తర్వాతే. అమెరికాలో పేరున్న విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ సీటు వస్తే సాధారణంగా ఫీజు మాఫీతో పాటు నెలనెలా భత్యం ఉంటుంది. పోటీ మాత్రం తీవ్రం. బ్రిటన్‌లో చదువు తక్కువ ఏళ్ళలో అయిపోతుంది, డబ్బు దొరకడమే కష్టం. మాస్టర్స్ కోసం అప్పు చేసి వెళ్ళడం మాత్రం వద్దు. ఈ రంగంలో జీతాలు ఆ అప్పు తీర్చేంతగా ఉండవు. మైనారిటీ విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ గురించి ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి. కేంద్రం దాన్ని 2022–23 నుంచి ఆపేసింది.

ఈలోగా ఒకరోజు సెలవు పెట్టి అమ్మాయిని తీసుకుని హైదరాబాద్ కాలేజీకి వెళ్ళండి. ముందే ఫోన్ చేసి, ఒక పాత నిబంధన క్లాసులో కూర్చోనిస్తారా అని అడగండి. లైబ్రరీ చూడండి. అక్కడ చదువుతున్న అమ్మాయిలతో హాస్టల్ గురించి, బీడీ తర్వాత సీనియర్లు ఎక్కడెక్కడ ఉన్నారో మీరు లేకుండా ఆమెను మాట్లాడనివ్వండి. బీడీ సీటుకు చాలాచోట్ల సంఘం సిఫార్సు లేఖ అడుగుతారు కాబట్టి పాస్టరుగారితో తగవు పెట్టుకోకండి. డియోసిస్ ఖర్చు పెట్టుకుంటానంటే మంచిదే. బదులుగా ఎన్నేళ్ళు సేవ చేయాలి, ఆ మధ్యలో ఎంటీహెచ్‌కు వెళ్ళనిస్తారా, అన్నవి కాగితం మీద చూసుకున్నాకే సంతకం చేయించండి.