టేపు సంగతి సరే, మనిషి ఎలా ఉన్నాడు?

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. నీ పరిశోధన ప్రతిపాదన అందింది. నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మేనకోడలు నా దారిలోకే వచ్చిందని మురిసిపోయాను. రెండోసారి ఎర్ర కలం తీశాను. "మొహమాటం లేకుండా చెప్పు మామయ్యా" అని నువ్వే రాశావు కాబట్టి చెప్తున్నాను, తర్వాత అలగకూడదు.

ప్రశ్న మంచిది ఎంచుకున్నావు. రక్తాన్ని తోసే బలం, అంటే పంపింగ్, తగ్గిన గుండెలో వేళకి ముందే వచ్చిపడే ఎక్స్‌ట్రా బీట్స్ విపరీతంగా ఉంటే, వాటిని మందుతోనో, అవి పుట్టే చోటుని రక్తనాళం గుండా పంపిన సన్నని తీగతో కాల్చే అబ్లేషన్‌తోనో అణిచితే రోగికి మేలు జరుగుతుందా అని. లయ తప్పితే గుండె నీరసిస్తుంది, నీరసించిన గుండెలో లయ ఇంకా తప్పుతుంది. ఏది ముందో ఏది వెనకో తేలని ఆ ముడి దగ్గరే చెయ్యి పెట్టావు. నా పేచీ అంతా రెండో పేజీలో ఒక్క వాక్యంతో. "ఎక్స్‌ట్రా బీట్స్ సంఖ్య 80 శాతం తగ్గితే చికిత్స ఫలించినట్టు పరిగణిస్తాం" అన్నావే, దానితో.

నేను కుర్ర డాక్టరుగా ఉన్న రోజుల్లో మేమందరం అచ్చంగా అలాగే అనుకునేవాళ్లం. గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్లలో ఎక్స్‌ట్రా బీట్స్ ఎక్కువున్నవాళ్లు హఠాత్తుగా పోతారని అప్పటికే తెలుసు. అయితే ఆ బీట్స్ అణిచేస్తే చావులు తగ్గుతాయి కదా! ఇందులో తప్పేముందో ఎవరికీ తట్టలేదు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ పని అద్భుతంగా చేసేవి. ఇంత బాగా పనిచేసే మందు ఉండగా సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పరీక్షించడం అన్యాయమన్నవాళ్లు కూడా ఉన్నారు. అయినా అమెరికాలో కాస్ట్ అనే ట్రయల్ పెట్టారు. అందులో ఒక మెలిక గమనించు. ముందు అందరికీ మందిచ్చి చూసి, బీట్స్ తగ్గినవాళ్లనే చీటీ వేసి రెండు జట్లుగా విడదీశారు. అంటే నీ లెక్క ప్రకారం "చికిత్స ఫలించిన" వాళ్లే అందులో ఉన్నారు. 1989లో ఆ రెండు మందుల భాగాన్ని అర్ధంతరంగా ఆపేశారు. 1991లో పూర్తి లెక్క వచ్చింది. సగటున పది నెలల్లో మందు తీసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు.

ఆ మందులు సోడియం ద్వారాలను మూసి విద్యుత్తు ప్రయాణాన్ని నెమ్మదింపజేస్తాయి. ఆరోగ్యమైన కండలో అది పెద్ద ఇబ్బంది కాదు. మచ్చపడి, రక్తం చాలని కండలో మాత్రం ఆ నెమ్మదే విద్యుత్తు సుడి తిరగడానికి చోటిస్తుంది. చిల్లర బీట్స్ పోతాయి, ప్రాణం తీసే లయ వస్తుంది. పైగా నీరసంగా ఉన్న పంపింగ్‌ని ఈ మందులు ఇంకాస్త దిగలాగుతాయి.

ఈ చివరి ముక్క నాకు పుస్తకం కంటే ముందు ఒక ఇల్లాలు నేర్పింది. రోజంతా గుండె లయని నమోదు చేసే హోల్టర్ రికార్డింగు అప్పట్లో క్యాసెట్ టేపు మీద ఉండేది. ఒక పెద్దాయన మొదటి టేపు నిండా ఎక్స్‌ట్రా బీట్సే. మందు మొదలుపెట్టాక తీసిన రెండో టేపు తెరమీద పరుగెత్తిస్తే, గీత తరవాత గీత, ఎక్కడా మచ్చ లేదు. బయటికొచ్చి ఆయన భార్యతో గర్వంగా చెప్పాను, చాలా శుభ్రంగా ఉందమ్మా అని. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, "టేపు సంగతి సరే బాబూ, ఈయన వారం నించీ రాత్రిళ్లు కూచునే నిద్రపోతున్నారు" అంది. పడుకుంటే ఊపిరాడక మూడు దిళ్లు ఆనుకుని కూచుంటున్నాడు. నేను ఆ సంగతి అడగనేలేదు. మందు మాన్పించాం, ఊపిరితిత్తుల్లో చేరిన నీరు దిగింది, టేపు మళ్లీ మచ్చలమయం అయింది, మనిషి వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు.

కాబట్టి బీట్స్ లెక్క రెండో వరసలోకి వెళ్లాలి. ముందు వరసలో చావులు, ఆయాసంతో ఆస్పత్రి పాలవడం, మనిషి నడవగలిగే దూరం ఉండాలి. "నాకు దొరికేది నూట యాభై మంది, వాళ్లతో చావుల తేడా ఎలా తేలుతుంది" అంటావు. తేలదు. అప్పుడు ఆ మాట నిజాయితీగా రాయి. ఇది పెద్ద ట్రయల్‌కి ముందు వేసే చిన్న అడుగు, దీనితో ప్రాణాలు నిలుస్తాయో లేదో తెలియదు అని. చిన్న అధ్యయనం చెయ్యడంలో నామోషీ లేదు. 1975లో స్వీడన్‌లో వాగ్‌స్టైన్ బృందం బీటా బ్లాకర్ ఇచ్చి రాసింది ఏడుగురు రోగుల గురించే.

ఆ ఏడుగురి కథ నువ్వు వివరంగా చదవాలి. నీరసించిన గుండెకి, దాని వేగాన్నీ బలాన్నీ తగ్గించే మందు ఇవ్వడమేమిటని లోకం నవ్వింది. అప్పటి ఆలోచన దీనికి తిరగేసి ఉండేది, గుండెని ఇంకా గట్టిగా కొట్టుకునేలా చెయ్యాలని. మిల్రినోన్ అనే మందు ఆ పని చేస్తుంది, పంపింగ్ కొలతలు పెరుగుతాయి. 1991లో 1,088 మందితో చేసిన ట్రయల్‌లో దాని మాత్రలు తీసుకున్నవాళ్లలో మరణాలు 28 శాతం ఎక్కువగా తేలాయి. అలిసిన ఎద్దుని ముల్లుగర్రతో పొడిస్తే నాలుగడుగులు జోరుగా వేస్తుంది, తర్వాత కాడి కింద కూలబడుతుంది. అదే జరిగింది. అటు బీటా బ్లాకర్ సంగతి చూడు. 1999లో సిబిస్-2 అనే ట్రయల్‌లో 2,647 మంది, మరణాలు 17.3 శాతం నించి 11.8 శాతానికి దిగాయి. కానీ అదే మందుకి మొదటి నెలలో లాభం కనపడదు, కొందరికి ఆయాసం పెరుగుతుంది కూడా. పంపింగ్ పెరగడానికి మూడు నెలలు పడుతుంది. నాలుగు వారాలకే కొలిచి ఉంటే ఆ మందుని చెత్తబుట్టలో వేసేవాళ్లం. నీ ప్రతిపాదనలో పంపింగ్ కొలిచే స్కాన్, ఆ రెండో ఎకో, ఎప్పుడు పెట్టావో చూశావా? ఆరు వారాలకి. దాన్ని ఆరు నెలలు చెయ్యి.

ఎద్దు మాటొచ్చింది కాబట్టి ఒకటి గుర్తొచ్చింది, దారి తప్పినా చెప్తాను. కండలో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో ఫిస్కేతో కలిసి బయటపెట్టింది మన యల్లాప్రగడ సుబ్బారావు. డెబ్భై ఏళ్ల తర్వాత, 1997లో, గుండె ఉబ్బి నీరసించిన రోగుల్లో ఆ ఫాస్ఫోక్రియాటిన్‌కీ, కణం నేరుగా ఖర్చుపెట్టే శక్తి సరుకైన ఏటీపీకీ ఉన్న నిష్పత్తిని ఎమ్మారై తరహా యంత్రంతో కొలిచారు. నిష్పత్తి తక్కువున్నవాళ్లు త్వరగా పోతున్నారని తేలింది. ముల్లుగర్ర ఎందుకు పనిచెయ్యలేదో అక్కడ కొంత అర్థమవుతుంది, గడ్డి లేని ఎద్దు అది.

ఇక కొలతల దగ్గరికి వద్దాం. నీ అధ్యయనం కూలితే ఇక్కడే కూలుతుంది.

24 గంటల హోల్టర్ ఒక్కసారి తీసి, ఎక్కువ బీట్స్ ఉన్నవాళ్లని చేర్చుకుంటానన్నావు. రోజుకి సుమారు లక్షసార్లు కొట్టుకునే గుండెలో ఎక్స్‌ట్రా బీట్స్ ఇవాళ పదివేలుంటే రేపు మూడువేలుండటం వింత కాదు. నిద్ర, ఆదుర్దా, జ్వరం, ఏదైనా కారణం కావచ్చు. బీట్స్ బాగా ఎక్కువున్న రోజున పట్టుకుని చేర్చుకుంటే, నువ్వు చేతులు కట్టుకు కూచున్నా తర్వాతి లెక్క తగ్గుతుంది. ఆ తగ్గుదలని నీ మందు ఖాతాలో రాసేసుకుంటావు. ఛాతీకి అతికించే ప్యాచ్ రికార్డర్ పెట్టి కనీసం వారం, వీలైతే రెండు వారాలు చూడు. మొత్తం బీట్స్‌లో ఎక్స్‌ట్రావి 24 శాతం పైన ఉంటే గుండె దెబ్బతినే అవకాశం ఎక్కువన్న 2010 నాటి లెక్కని నువ్వు వేదవాక్కులా రాశావు. అది ఒకచోట చూసిన రోగుల్లో తేలిన గీత. 24 దాటని వాళ్లలోనూ పంపింగ్ పడిపోవడం ఉంది, దాటినా హాయిగా తిరిగేవాళ్లూ ఉన్నారు.

ఎకో గది విషయం ఇంకా ముఖ్యం. ఎక్స్‌ట్రా బీట్ తర్వాత ఒక చిన్న విరామం వస్తుంది, ఆ విరామం తర్వాత వచ్చే బీటు మామూలు కంటే గట్టిగా పడుతుంది. టెక్నీషియన్ సరిగ్గా ఆ బీటు దగ్గర బటన్ నొక్కితే పంపింగ్ ఉన్నదానికంటే ఎక్కువ కనపడుతుంది. ఎక్స్‌ట్రా బీటు మీదే నొక్కితే తక్కువ కనపడుతుంది. నువ్వు తగ్గించాలనుకున్న జబ్బే నీ కొలబద్దని అటూ ఇటూ ఊపుతోందన్నమాట. వరసగా రెండు మూడు మామూలు బీట్స్ వచ్చాక కొలవాలి, అలాంటివి కొన్ని తీసి సగటు వెయ్యాలి. కొలిచేవాళ్లకి ఆ రోగి ఏ జట్టులో ఉన్నాడో తెలియకూడదు. ఎంత మంచివాళ్లయినా సరే. నీకు అసలే తెలియకూడదు.

ఇంకొకటి. చేర్చుకునే ముందు ప్రతి రోగికీ హార్ట్ ఫెయిల్యూర్ మందులన్నీ పూర్తి మోతాదులో కనీసం మూడు నెలలు నడిచి ఉండాలి. షుగర్ మందుగా పుట్టిన డాపాగ్లిఫ్లోజిన్ గుండె జబ్బుకి కూడా పనికొస్తుందని 2019లో 4,744 మందిలో తేలింది. వాళ్లలో సగానికి పైగా షుగర్ లేనివాళ్లే. ఇలాంటి మందు నీ అధ్యయనం మధ్యలో ఎవరో ఒక డాక్టరు మొదలుపెడితే, రోగి బాగుపడింది నీ అబ్లేషన్ వల్లో ఆ మాత్ర వల్లో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

అబ్లేషన్ అంటే నీకున్న మోజు నాకు తెలుసు, నాకూ అంతే ఉండేది. 1998లో బోర్డోలో హైసగ్యేర్ బృందం, గుండె పై గదులు లయ తప్పి అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ని రాజేసే నిప్పురవ్వలు చాలావరకు ఊపిరితిత్తుల సిరల్లోనే ఉన్నాయని చూపించాక మా ల్యాబ్‌ల రూపమే మారిపోయింది. సిర మొగలో ఉంగరంలాంటి కాథెటర్ పెట్టి చూస్తే తెరమీద వరసగా సన్నని ముళ్లలాంటి సంకేతాలు కనపడతాయి. చుట్టూ కాల్చుకుంటూ వస్తుంటే అవి కొంచెం కొంచెం వెనక్కి జరుగుతాయి. ఒక్క చోట కాల్చగానే ముళ్లన్నీ ఒక్కసారి మాయం. గదిలో ఎవరూ మాట్లాడరు. ఆ క్షణం కోసం సీసపు ఏప్రన్ బరువు ఎన్ని గంటలైనా మోయొచ్చు. కానీ అరగంట ఆగి చూడు, కొన్ని ముళ్లు తిరిగొస్తాయి. అది తట్టుకోలేక మేం ఇంకా కాల్చాం, ఎడమ కర్ణికలో గీతలు గీశాం, చిందరవందర సంకేతాలున్న చోటల్లా కాల్చాం. 2015లో 589 మందితో లెక్క తీస్తే, సిరల చుట్టూ మాత్రమే కాల్చిన జట్టులో 59 శాతం మందికి జబ్బు తిరగబెట్టలేదు. అదనంగా కాల్చిన రెండు జట్లలో అది 49, 46 శాతం. తేడా లెక్కలోకి రాదన్నారు గానీ, ఎక్కువ చేస్తే ఎక్కువ ఫలితమన్న మా ధీమా మాత్రం అక్కడితో చల్లారింది.

పంపింగ్ తగ్గి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా ఉన్నవాళ్లకి అబ్లేషన్ మేలని 2018లో కాసిల్-ఏఎఫ్ అనే ట్రయల్ చెప్పింది. మరణం లేదా హార్ట్ ఫెయిల్యూర్ ముదిరి ఆస్పత్రి పాలవడం 44.6 శాతం నించి 28.5 శాతానికి తగ్గింది. నువ్వు ఈ అంకె రాశావు. చివరికి మిగిలింది 363 మందే అనీ, వాళ్ల కోసం మూడువేల మందికి పైగా జల్లెడ పట్టారనీ రాయలేదు. అది కూడా రాయి, చదివేవాళ్లు తమ ఎదురుగా ఉన్న రోగి ఆ జల్లెడలో నిలుస్తాడో లేదో చూసుకోవాలి కదా.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి అబ్లేషన్‌నీ మందులనీ పోల్చిన కబానా ట్రయల్ మరో పాఠం. 2,204 మంది. మందుల జట్టులో చేరినవాళ్లలో 27.5 శాతం మధ్యలో మనసు మార్చుకుని అబ్లేషన్ చేయించుకున్నారు. చీటీలో వచ్చిన జట్టు ప్రకారం లెక్కేస్తే ముఖ్యఫలితం, అంటే మరణం, తీవ్రమైన పక్షవాతం లాంటివి, అబ్లేషన్ జట్టులో 8.0 శాతం, మందుల జట్టులో 9.2 శాతం, తేడా తేలలేదు. నిజంగా ఏ చికిత్స అందిందో దాన్ని బట్టి లెక్కేస్తే అబ్లేషన్ గెలిచింది. ఇష్టమొచ్చిన లెక్క ఎంచుకునే ఆ ఆశ నీకూ పుడుతుంది. జట్టు మారేవాళ్లు ఊరికే మారరు. కాస్త ఓపికున్నవాళ్లే ల్యాబ్ దాకా రాగలరు. అందుకే మొదటి రోగి చేరకముందే ఏ లెక్క వేస్తావో రాసి, తేదీ వేసి, ట్రయల్ రిజిస్ట్రీలో పెట్టెయ్యి. తర్వాత నిన్ను నువ్వు నమ్మాల్సిన అవసరం ఉండదు.

జంతువుల మీద చేసే ప్రయోగాల గురించి అడిగావు. ఎలుక గుండె నిమిషానికి వందలసార్లు కొట్టుకుంటుంది, లయ మందులు దానిమీద చూపించిన ఫలితం మనిషికి వర్తించడం కష్టం. నాకు అంతకు మించి చెప్పే అర్హత లేదు. పరికరాల కంపెనీ మనుషులతో మర్యాదగా ఉండు, ప్రోగ్రామింగ్ వాళ్ల దగ్గరే నేర్చుకో, డేటా మాత్రం వాళ్ల చేతికివ్వకు.

చివరిగా, మధ్యలో రావడం మానేసేవాళ్లు. నా మొదటి అధ్యయనంలో పదకొండుమంది రాలేదు. "బాగానే ఉండుంటారు, అందుకే రాలేదు" అనుకుని లెక్కలోంచి తీసేశాను. ఏడాది తర్వాత మా నర్సు ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేసింది. నలుగురు పోయారు. ఆ కాగితం ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది, అచ్చుకి పంపలేదు.

నీ అధ్యయనంలో మొదటి పదిమందికి నువ్వే ఫోన్ చెయ్యి, సహాయకులకి వదలకు. వీలైతే ఇంట్లోవాళ్లతో మాట్లాడు. రాత్రి పడుకుని నిద్రపోతున్నారా, కూచునా, ఎన్ని దిళ్లు పెట్టుకుంటున్నారని అడుగు. నీ ఫారం మొత్తం వెతికాను, ఈ ప్రశ్న లేదు. మూడో పేజీ అడుగున రెండు వరసల ఖాళీ ఉంది, అక్కడ పడుతుంది.

మీ మామయ్య