టైమ్ నడుస్తూ సౌండ్ రాకపోతే లెన్స్ మార్పించకండి

మీరు అడిగింది: సెకండ్ హ్యాండ్‌లో ఎస్ఏసీడీ (సూపర్ ఆడియో సీడీ, మామూలు సీడీ కంటే మెరుగైన సౌండ్ కోసం తెచ్చిన డిస్క్) ప్లేయర్ కొన్నారు, ఆప్టికల్ కేబుల్‌తో ఆంప్లిఫయర్‌కి కలిపారు. మామూలు సీడీలు చక్కగా పాడుతున్నాయి. ఎస్ఏసీడీ పెడితే మాత్రం డిస్‌ప్లేలో టైమ్ నడుస్తోంది, సౌండ్ రావడం లేదు. మెకానిక్ లెన్స్ మార్చాలంటున్నాడు. అసలు ఈ ప్లేయర్ ఉంచుకోవాలా, అమ్మేయాలా?

దయచేసి ఇప్పుడే లెన్స్ జోలికి వెళ్లకండి. నాకు అచ్చం ఇలాగే జరిగింది. ప్లేయర్ ఇంటికొచ్చిన రోజు ఎంతో ఆశగా ఎస్ఏసీడీ పెట్టాను. ట్రే లోపలికి వెళ్లింది, డిస్క్ తిరిగింది, డిస్‌ప్లే మీద ఎస్ఏసీడీ అన్న గుర్తు వెలిగింది, 0:01, 0:02 అని సెకన్లు కూడా మొదలయ్యాయి. స్పీకర్లలో చిన్న చప్పుడైనా లేదు. టెన్షన్ పడి షాపుకి తీసుకెళ్తే లెన్స్ మార్చి డబ్బులు తీసుకున్నారు. ఇంటికొచ్చి పెడితే మళ్లీ అంతే. ఆ రాత్రి మాన్యువల్ ముందేసుకుని కూర్చుంటే విషయం దొరికింది: ఎస్ఏసీడీ పాడుతున్నప్పుడు ఆప్టికల్, కోయాక్సియల్ అనే డిజిటల్ అవుట్‌ల నుంచి ఏమీ రాదు.

సోనీ, ఫిలిప్స్ కలిసి 1999లో ఈ డిస్క్‌ని తెచ్చినప్పుడే ఎవరూ కాపీ చేసుకోకుండా అలా కట్టడి చేశారు. పైగా ఇందులో సౌండ్ దాచే పద్ధతే వేరు. సీడీలో సెకనుకి 44,100 సార్లు, ప్రతిసారీ 16 బిట్లతో కొలుస్తారు. ఎస్ఏసీడీలో ఒక్క బిట్టే, కానీ సెకనుకి 28,22,400 సార్లు. దీన్నే డీఎస్‌డీ అంటారు. ఆప్టికల్ దారి మామూలు పీసీఎం, అంటే సీడీలో వాడే పద్ధతి కోసం పెట్టింది. కొన్ని ప్లేయర్లలో హెచ్‌డీఎంఐ ద్వారా డీఎస్‌డీ బయటికి వస్తుంది, అందుకు రిసీవర్ కూడా దాన్ని తీసుకోగలగాలి.

కాబట్టి ప్లేయర్ వెనక ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు ఉంటాయి కదా, అక్కడి నుంచి ఆంప్లిఫయర్ మీద సీడీ లేదా ఆక్స్ అని రాసి ఉన్నచోటికి వైర్లు పెట్టండి. ఫోనో అన్నచోట మాత్రం వద్దు. అది గ్రామఫోన్ రికార్డుల కోసం, సౌండ్ బాగా పెంచేస్తుంది, చెవులు చిల్లులు పడేలా బొబ్బరిస్తుంది. ఆప్టికల్ కేబుల్ కూడా అలాగే ఉండనివ్వండి. అప్పుడు ఒకే సీడీని రెండు దారుల్లో విని పోల్చుకోవచ్చు. ఆప్టికల్‌లో మీరు వినేది ఆంప్లిఫయర్‌లోని డాక్‌ని (డీఏసీ, డిజిటల్ అంకెల్ని సౌండ్ సిగ్నల్‌గా మార్చే భాగం), ఆర్‌సీఏలో ప్లేయర్‌లోని డాక్‌ని. మంచి ప్లేయర్‌లో ఆ డాక్ ముఖ్యమైన భాగం, ఇన్నాళ్లూ మీరు దాన్ని విననేలేదు!

లెన్స్ నిజంగా పోతే ఎలా ఉంటుందో కూడా చెప్తాను. సీడీని చదివే లేజర్ 780 నానోమీటర్లది, ఎస్ఏసీడీని చదివేది 650ది. రెండోది నీరసిస్తే సీడీలు పాడుతూనే ఉంటాయి. కానీ అప్పుడు ఎస్ఏసీడీ పెడితే సాధారణంగా డిస్క్ గిరగిరా తిరిగి, డిస్క్ లేదనో చదవలేకపోతున్నాననో చూపిస్తుంది. మీకు సెకన్లు నడుస్తున్నాయి, అంటే చదువుతోంది.

ఇంకో సంగతి. చాలా ఎస్ఏసీడీలు హైబ్రిడ్. ఒకే డిస్క్‌లో ఎస్ఏసీడీ పొర ఒకటి, మామూలు సీడీ పొర ఒకటి ఉంటాయి. ఏది పాడాలో రిమోట్ మీద బటన్‌తో ఎంచుకోవాలి, చాలా ప్లేయర్లలో పాట ఆపితేనే అది పనిచేస్తుంది. నేను కొన్ని నెలలు సీడీ పొరే వింటూ ఎస్ఏసీడీ వింటున్నాననుకున్నాను. మీది మల్టీచానెల్ ప్లేయర్ అయితే, రెండే స్పీకర్లున్నప్పుడు స్టీరియో ఎంచుకోండి. లేకపోతే మధ్య స్పీకర్‌కి వెళ్లాల్సిన గొంతు ఎక్కడికో పోయి వెనక వాయిద్యాలే వినిపించవచ్చు.

ఉంచుకోవాలా అంటే, నా మాట ఉంచుకోమనే. అయితే ఎస్ఏసీడీల కోసమే అనుకోకండి. నాకు దొరికినవన్నీ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం, జాజ్. మన పాటలు ఎస్ఏసీడీలో ఎంత వెతికినా నా కంటపడలేదు. నా ప్లేయర్ రోజూ పాడేది పాత కర్ణాటక సంగీతం సీడీలే. తంబుర శ్రుతి, మృదంగం ఎడమ వైపు గంభీరంగా మోగడం మునుపటి ప్లేయర్‌లో ఇంత విడివిడిగా వినలేదు. వాటి కోసమే దీన్ని వదులుకోలేను.

డిస్కులు తుడిచేటప్పుడు గుండ్రంగా తిప్పకుండా మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి. బొమ్మ ఉన్న వైపు గీతలు పడకుండా ఇంకా జాగ్రత్త, అద్దంలాంటి పొర సరిగ్గా దాని కిందే ఉంటుంది.

ముందు ఆర్‌సీఏ వైర్లు పెట్టి చూడండి. అప్పటికీ సౌండ్ రాకపోతే మోడల్ నంబర్, వెనక ప్యానెల్ ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.