బి.కాం. చదివి బాలవాటికకు: రాయగడ పాఠకురాలి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: నా వయసు 33. పార్వతీపురంలో బి.కాం. చదివి, విశాఖపట్నంలో ఒక ప్రైవేటు సంస్థలో తొమ్మిదేళ్ళు అకౌంట్స్ చూశాను. మావారికి రైల్వేలో బదిలీ అయినందున రెండేళ్ళుగా ఒడిశాలోని రాయగడలో ఉంటున్నాము. నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. మా పాపను నర్సరీలో చేర్చిన నాటి నుంచి పసిపిల్లలకు నేర్పడమే నాకు తగిన పని అనిపిస్తున్నది. ఒక శిక్షణ సంస్థవారు ఏడాది ఎన్.టి.టి., అంటే నర్సరీ ఉపాధ్యాయ శిక్షణ కోర్సు చేస్తే, ఒకటో తరగతికి ముందు ఉండే బాలవాటికలో ఉద్యోగం ఖాయమంటున్నారు. బంధువులు బి.ఎడ్. చేయమంటున్నారు. న్యూజీలాండ్‌లో ఉన్న మా పెద్దమ్మగారి అమ్మాయి, అక్కడ డిగ్రీ ఉన్నవారికి ఒక్క ఏడాది చదువు చాలునంటున్నది. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఏ దారి పట్టమంటారు?

జవాబు: ముందుగా ఆ శిక్షణ సంస్థకు ఫీజు కట్టడం ఆపండి. ప్రీస్కూలు ఉపాధ్యాయులకు ఉండవలసిన కనీస అర్హతలను జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్.సి.టి.ఇ., 2014లో నిర్ణయించింది. ఇంటర్మీడియట్‌లో 50 శాతం మార్కులు, దానిపైన రెండేళ్ళకు తక్కువ కాని నర్సరీ లేదా ప్రీస్కూలు ఉపాధ్యాయ డిప్లొమా, లేదా బి.ఎడ్. (నర్సరీ) ఉండాలని అందులో ఉన్నది. కేంద్రీయ విద్యాలయాలు 2022లో బాలవాటిక తరగతులు ప్రారంభించినప్పటి నుంచి ఆ ఉపాధ్యాయులకు అడుగుతున్నదీ ఇదే అర్హత. కనుక ఏడాది కోర్సుతో ఆ గుమ్మం దాటలేరు. పైగా ఆ నియామకాలు ఎక్కువగా ఏడాదికొకసారి ఇంటర్వ్యూ పెట్టి ఒప్పందం మీద ఇచ్చేవి కాబట్టి, పూర్తి అర్హత ఉన్నవారికి కూడా అక్కడ 'ఖాయం' అనే మాట చెల్లదు.

మామూలు బి.ఎడ్. విషయంలో మీ బంధువుల ఆప్యాయతను తప్పు పట్టను. వారి సమాచారమే పాతబడింది. ప్రాథమిక తరగతులకు బి.ఎడ్. వారూ అర్హులేనంటూ ఎన్.సి.టి.ఇ. 28 జూన్ 2018న ఇచ్చిన ప్రకటనను సుప్రీంకోర్టు 11 ఆగస్టు 2023 నాటి తీర్పుతో చెల్లదన్నది. ఒకటి నుంచి అయిదో తరగతి వరకు బోధించడానికి కావలసింది రెండేళ్ళ డి.ఎల్.ఎడ్. వంటి ప్రాథమిక విద్యా శిక్షణేనని, బి.ఎడ్. పైతరగతుల కోసం రూపొందినదని ఆ తీర్పు సారాంశం. మీరు బి.ఎడ్. చేస్తే పద్నాలుగేళ్ళ పిల్లలకు పాఠం చెప్పడం నేర్చుకుంటారు. మూడేళ్ళ బిడ్డ చెప్పు ఊడి ఏడుస్తుంటే ఏం చేయాలో ఆ చదువులో రాదు.

ఇక మీకు కొంత బాధ కలిగించే విషయం. న్యూజీలాండ్‌లో ఉన్నట్టుగా, ఏ డిగ్రీ అయినా ఉన్నవారిని ఒక్క ఏడాదిలో శిశు ఉపాధ్యాయులుగా తీర్చే దారి మన 2014 నిబంధనల్లో లేదు. తొమ్మిదేళ్ళు బ్యాలెన్సు షీట్లు చూసిన మీరు, నిన్నగాక మొన్న ఇంటర్ పాసయిన అమ్మాయిల పక్క బెంచీలో రెండేళ్ళు కూర్చోవలసి వస్తుంది. ఇది అన్యాయమని నాకూ అనిపిస్తుంది. అయితే నియమం మారేదాకా ఆగడం కంటే ఈ రెండేళ్ళను లెక్కలో వేసుకోవడమే మేలు.

ఆ రెండేళ్ళలో ఏ డిప్లొమా చేయాలన్నది అసలు ప్రశ్న. డి.పి.ఎస్.ఇ. అనే ప్రీస్కూలు విద్యా డిప్లొమా మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల కోసం. ఒడిశాలో ఇప్పటికీ చాలామంది సి.టి. అనే పిలిచే డి.ఎల్.ఎడ్. ఒకటి నుంచి అయిదో తరగతి కోసం. జాతీయ విద్యా విధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసంతటినీ కలిపి పునాది దశ అన్నది కానీ, నియామకాల అర్హతలు ఇంకా ఆరో ఏటి దగ్గరే గోడ కట్టి ఉంచాయి. సి.టి. చదివినవారికి ఉపాధ్యాయ అర్హత పరీక్ష రాసి ప్రభుత్వ పాఠశాలలో చేరే వీలుంటుంది, డి.పి.ఎస్.ఇ. చదివినవారికి ఆ వీలు ఉండదు. బాలవాటికలో మాత్రం దీనికి తిరగబడిన పరిస్థితి. స్థిరమైన ప్రభుత్వ కొలువు ముఖ్యమైతే సి.టి., మూడేళ్ళ పిల్లలే కావాలంటే డి.పి.ఎస్.ఇ. అని నా అభిప్రాయం. ఏది ఎంచుకున్నా, ఆ కళాశాలకు ఆ కోర్సుకే ఎన్.సి.టి.ఇ. గుర్తింపు ఉన్నదో లేదో మండలి వెబ్‌సైటులోని జాబితాలో స్వయంగా చూసుకోండి. గోడ మీద వేలాడదీసిన సర్టిఫికెట్‌ను నమ్మి మోసపోయినవారు నా దగ్గరకు ఏటా వస్తూనే ఉన్నారు.

ఈ ఎంపికను కాగితం మీద చేయవద్దు. ఇప్పుడు చేస్తున్న పనిని మానకుండా, వారానికి మూడు ఉదయాల చొప్పున నలభై ఉదయాలు పసిపిల్లల గదిలో గడపండి. మీ పాప చదివే బడిలో కాదు; అక్కడ మీరు తల్లిగానే చూస్తారు. మీ ఇంటికి దగ్గరలోని అంగన్‌వాడీ దిదిని, అంటే అక్కడి కార్యకర్తను, ఆమె పైన ఉండే సూపర్‌వైజరును అడిగితే సాధారణంగా కాదనరు. సగం రోజులు అక్కడ, సగం రోజులు ఏదైనా పాఠశాలలో ఒకటో తరగతిలో కూర్చుంటే, మీ ఓపిక ఏ వయసు దగ్గర నిలబడుతుందో మీకే తెలుస్తుంది.

మీ జిల్లాలోనే గుణుపురం దగ్గరి ఒక అంగన్‌వాడీ కేంద్రంలో నేను ఒక పూట కూర్చున్నాను. పిల్లలు చింతగింజలు, సీతాఫలం గింజలు కలిపి పోసిన పళ్ళెం ముందు వాటిని వేరు చేస్తున్నారు. దిది ఒక పిల్లవాణ్ణి "కేతే?" అని అడిగింది. వాడు పలకలేదు. ఆమె వెంటనే "ఎన్నిరా?" అన్నది. వాడు వేలితో ఒక్కొక్క గింజనూ జరుపుతూ "ఒకటి, రెండు, మూడు, చారి, పాంచొ" అన్నాడు. నాలుగు దగ్గర ఒడియాలోకి దాటాడు గానీ లెక్క తప్పలేదు. దిది నవ్వి, ఇంకో గింజ వాడి ముందుకు తోసి ఊరుకున్నది. 'ఒకే భాషలో చెప్పు' అని ఆమె అనకపోవడం నాకు ఆ పూట నచ్చిన పని. అన్నట్లయితే వాడు మళ్ళీ నోరు మూసుకునేవాడు.

20 అక్టోబరు 2022న విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆట ద్వారా నేర్చుకోవడాన్నీ, ఇంటి భాషలో బోధననూ ముఖ్యంగా చెప్పింది. ఒడిశా అంగన్‌వాడీల్లో వాడే 'నువా అరుణిమ' పాఠ్యక్రమాన్ని గిరిజన భాషల్లోనూ రూపొందించారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, సంతలో గిరిజనుల కువి భాష వినే పిల్లలున్న రాయగడ వంటి చోట, వచ్చే భాషను దాచుకోని ఉపాధ్యాయురాలి విలువ ఎక్కువ. మీ బి.కాం. కంటే మీ రెండు భాషలే మీకు బలమని అందుకే అంటున్నాను.

ఆ బలంలో ఒక లోటు ఉన్నది. ఒడిశా ప్రభుత్వ ఉపాధ్యాయ నియామకాల ప్రకటనల్లో సాధారణంగా మిడిల్ స్కూలు స్థాయి ఒడియా ఉత్తీర్ణత అడుగుతారు. ఆంధ్రలో చదివిన మీకు అది ఉండదు, విడిగా ఆ స్థాయి ఒడియా పరీక్ష రాయవలసి ఉంటుంది. ఒడియా అక్షరాలు తెలుగువారికి కొత్తగా కనిపించినా వర్ణమాల వరస మనదే కనుక, రోజుకు అరగంట కేటాయిస్తే రెండు మూడు నెలల్లో మీ పాప వాచకం చదవగలుగుతారు. మీ పాపతో కలిసి దిద్దుకోవడానికి సిగ్గుపడకండి. కేంద్ర ఉపాధ్యాయ అర్హత పరీక్ష సి-టెట్‌లో తెలుగును భాషగా ఎంచుకోవచ్చు గానీ, రాష్ట్ర కొలువుకు ఒడియా అవసరం దానితో తీరదు. వయోపరిమితి సడలింపులు ప్రకటనకొక తీరుగా ఉంటాయి కాబట్టి, 33 ఏళ్ళ వయసులో సి.టి. ప్రవేశ ప్రకటనలోని వయసు నిబంధనను మొదటే చదవండి.

ఈ ఏడాదిలో చదువు కూడా కొంత మొదలుపెట్టాలనుకుంటే, ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) నడిపే శిశు సంరక్షణ, విద్యా డిప్లొమా డి.ఇ.సి.ఇ.ని పరిశీలించండి. ఒక ఏడాదిలో పూర్తి చేయగల దూరవిద్యా కోర్సు. మూడు పాఠ్యాంశాలు, ఒక ప్రాజెక్టు, మొత్తం 32 క్రెడిట్లు. కోరాపుట్‌లో ఇగ్నో ప్రాంతీయ కేంద్రం ఉన్నది. రెండేళ్ళ నియమాన్ని ఇది తీర్చదు కనుక ఉద్యోగార్హతగా భావించవద్దు. పిల్లల ఆరోగ్యం, పోషణ, ఎదుగుదల గురించి క్రమంగా తెలుసుకోవడానికి మాత్రం మంచి చదువు. మాంటిస్సోరి డిప్లొమాలు కూడా ఇలాంటివే: శిక్షణలో గాఢత ఎక్కువ, ప్రభుత్వ గుర్తింపు లేదు, ఖర్చు మాత్రం బాగానే ఉంటుంది.

జీతం గురించి మీరు అడగలేదు, నేను చెప్పక తప్పదు. చిన్న పట్టణాల ప్రైవేటు నర్సరీల్లో వచ్చేది మీ ఇప్పటి జీతంలో చిన్న భాగమే కావచ్చు. అంగన్‌వాడీ కార్యకర్తకు వచ్చేది గౌరవ వేతనం. 2018లో కేంద్రం తన వాటాను నెలకు 4,500 రూపాయలకు పెంచింది, దానికి రాష్ట్రం కొంత కలుపుతుంది. కనుక శిక్షణ కాలంలోనూ ఆ తరవాత ఒకటి రెండేళ్ళూ ఇంటి బడ్జెట్ ఎలా నడుస్తుందో మీవారితో కూర్చుని రాసుకోండి. ఆ పని మీకంటే బాగా ఎవరు చేయగలరు?

లెక్కలు తెలిసినవారికి సొంతంగా ప్లే స్కూలు పెట్టాలన్న ఆలోచన త్వరగా వస్తుంది. ప్రైవేటు ప్లే స్కూళ్ళకు జాతీయ బాలల హక్కుల కమిషన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇరవై మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయురాలు, ఒక సంరక్షకురాలు ఉండాలి. ఇద్దరికీ మర్యాదైన జీతమిచ్చి ఆ సంఖ్యను పాటిస్తే మిగిలేది ఎంతో వేసి చూసుకున్న తరవాతే ఆ మాట ఎత్తండి.

న్యూజీలాండ్ సంగతి మీ అక్కగారు చెప్పినది అబద్ధం కాదు. అక్కడ డిగ్రీ ఉన్నవారికి ఏడాది పూర్తికాల గ్రాడ్యుయేట్ డిప్లొమా ఉన్నది. 'తె ఫారికి' అనే వారి శిశువిద్యా పాఠ్యక్రమం ఆధారంగా శిక్షణ ఉంటుంది. కానీ ఐఇఎల్‌టిఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో మంచి స్కోరు రావాలి, విదేశీ విద్యార్థి ఫీజు కట్టాలి, పసిపిల్లను వదిలో తీసుకునో వెళ్ళాలి. మీ కుటుంబం అక్కడ స్థిరపడాలని నిర్ణయించుకున్నట్లయితేనే ఆ దారి పరిశీలించదగినది. ఆ నిర్ణయం లేనప్పుడు రాయగడలోనే ఈ వారం అంగన్‌వాడీ దిదిని కలవండి, వచ్చే నెలకు ఒడియా అక్షరాలు పూర్తి చేయండి. నలభై ఉదయాలు గడిచాక సి.టి., డి.పి.ఎస్.ఇ.లలో ఏది మీదో నాకు మళ్ళీ రాయండి, ఆయా ప్రవేశ ప్రకటనలను అప్పుడు కలిసి చదువుదాము.