దున్నని చేలో సున్నం చల్లే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఆత్మకూరు దగ్గర మీ ఎర్రనేలలో వరి కోసిన తరువాత దుక్కి లేకుండానే మొక్కజొన్న వేస్తున్నావనీ, బ్రెజిల్ రైతులు ఇలాంటి పొలాల్లో పైపైనే సున్నం చల్లుతారని విని ఎకరాకు టన్ను చొప్పున తెప్పించబోతున్నావనీ అక్కయ్య ఫోనులో చెప్పింది. లారీ మాట్లాడుకునే ముందు ఈ ఉత్తరం నిదానంగా చదువు.

బ్రెజిల్‌లో 1970వ దశకం నుంచి దుక్కి లేని సేద్యం సాగుతున్న మాట నిజమే. అయితే అక్కడ చాలా నేలలు పుట్టుకతోనే ఆమ్ల నేలలు. మట్టి ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే ఉదజని సూచిక (పిహెచ్) 5.5 కంటే దిగితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేరు కొసలను మొద్దుబారుస్తుంది. వేసిన భాస్వరం పైరుకు అందకుండా పోతుంది. అటువంటి చోట సున్నం ఆ ఆమ్లాన్ని విరిచి పైరును నిలబెడుతుంది. మన నెల్లూరు జిల్లాలో రేగడి నేలలదీ, తీరం వెంబడి చౌడు నేలలదీ క్షార గుణం; ఎర్రనేలలు కూడా చాలావరకు తటస్థంగానే ఉంటాయి. నీ చేలో తెల్ల సుద్దగడ్డలు కనిపిస్తే ఒకటి నలగ్గొట్టి దానిమీద నిమ్మకాయ పిండు. సన్నని బుడగలు లేచాయంటే ఆ నేలలో సున్నం ముందే ఉన్నట్టు.

ఈ సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నాను. రొయ్యల చెరువుకు తెచ్చిన సున్నం మిగిలితే, మట్టి పరీక్ష చేయించకుండానే పొదలకూరు దగ్గరి నిమ్మతోట పాదుల్లో పోయించాను. తరువాతి చిగురులోనే ఆకులు చిన్నవైపోయి, ఈనెలు మాత్రం పచ్చగా నిలిచి, వాటి మధ్య భాగమంతా పసుపు పచ్చగా మారింది. సున్నంతో క్షారం పెరిగి, భూమిలో జింకు ఉండి కూడా వేరుకు అందలేదు. రెండేళ్ళపాటు జింకు సల్ఫేటు పిచికారీ చేయిస్తే గాని చెట్లు తేరుకోలేదు. మొక్కజొన్న కూడా జింకు లోపానికి తొందరగా లొంగే పైరేనని మరువవద్దు.

ఇక దున్నని చేలో ఉన్న అసలు చిక్కు వేరు. చౌడు నేలలకు వాడే జిప్సం మామూలు నీటిలో లీటరుకు రెండు గ్రాములకు పైగా కరుగుతుంది. సున్నపురాయి పొడి గ్రాములో పదో వంతు కూడా కరగదు. నాగలి కలపని సున్నం ఏళ్ళ తరబడి పై రెండు అంగుళాల్లోనే ఉండిపోయి, అక్కడ క్షారం పెంచుతుంది, కింది వేళ్ళకు ఏ మేలూ చేయదు. ఏటా పైన చల్లే యూరియా అందుకు విరుద్ధంగా ఆ పొరనే ఆమ్లంగా మారుస్తుంది. 100 కిలోల యూరియా తెచ్చే ఆమ్లాన్ని విరచడానికి సుమారు 80 కిలోల సున్నపురాయి పొడి కావాలి. అందువల్ల ఆరు అంగుళాల మట్టిని ఒకటిగా కలిపి పరీక్షకు పంపితే ఏ పొర సంగతీ తెలియదు.

పైనున్న చెత్తను చేత్తో పక్కకు తీసి, మట్టి గీసుకుపోకుండా పదిచోట్ల గుంత తవ్వు. గుంత గోడనుంచి కత్తితో మొదటి రెండు అంగుళాల మట్టిని ఒక సంచిలోకి, రెండు నుంచి ఆరు అంగుళాల మట్టిని మరొక సంచిలోకి తీయాలి. గట్ల పక్కనా, చెట్ల కిందా, ఎరువు పడిన సాళ్ళలోనూ తీయవద్దు. రెండింటినీ నీడలో ఆరబెట్టు.

పై పొర ఒక్కటే 5.5 కంటే తగ్గితే, పరీక్షా కేంద్రం చెప్పిన మోతాదును విడతలుగా చేసి, మెత్తని సున్నపురాయి పొడినే విత్తడానికి రెండు మూడు నెలల ముందు చల్లు. యూరియాతో కలిపి మాత్రం చల్లవద్దు, నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. రెండు పొరలూ ఆమ్లమైతే, బాధగా ఉన్నా ఒక్కసారి దున్ని కలిపి, ఆ తరువాతే దుక్కి మానడం మేలని నా అభిప్రాయం. చౌడు తేలితే సున్నం అసలు వద్దు, జిప్సం కావాలి. వేరుశెనగకు ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం వేసేది ఉదజని సూచిక పెంచడానికి కాదు, కాయకు కాల్షియం, గంధకం అందించడానికి. రెండూ తెల్లని పొడులే కదా అని ఒకదాని బదులు ఒకటి వాడేవారిని చాలామందిని చూశాను.

మట్టి ఆరగానే రెండు సంచులమీదా లోతు రాసి నెల్లూరు బస్సులో పంపించు. పరీక్షా కేంద్రానికి నేనే తీసుకువెళతాను. ఫలితం వచ్చేదాకా లారీకి బయానా ఇవ్వవద్దు.

మీ మామయ్య