యాస, చదువు చూసి కోర్టులో సాక్షి మాటకు విలువ తగ్గిస్తారా?

తగ్గుతుంది. కావాలని కాకపోయినా జరుగుతుంది, ఎక్కువగా మాట కాగితం మీదికి ఎక్కే దగ్గరే.

కూలికి వెళ్లే మనిషి "పొద్దుగూకినంక గెట్టు కాడ చూసిన" అంటుంది. ఆమె రోజు గడియారంతో నడవదు. క్రాస్‌ ఎగ్జామినేషన్‌లో (ఎదుటి పక్షం అడిగే ప్రశ్నల్లో) వకీలు "ఎన్ని గంటలకు?" అని గుచ్చి అడిగితే భయంతో "ఏడో, ఎనిమిదో" అంటుంది. పోలీసుల ముందు ఆరున్నర అని రాసి ఉంటే, అది మాట మార్చడం అయిపోతుంది. ఇంగ్లీషులో టైపయ్యేసరికి "గెట్టు" (పొలం గట్టు) కాస్తా రోడ్డు కావచ్చు. అదే తడబాటు ఆఫీసరు నోట వస్తే జాగ్రత్తగా ఆలోచించి చెబుతున్నాడంటాం. ఇది అన్యాయం.

భర్వాడా భోగిన్‌భాయ్ కేసులో (1983) సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది: సమయాన్ని జనం అంచనాగానే చెబుతారు, కోర్టు వాతావరణానికి నిజం చెప్పే సాక్షి కూడా బెదరవచ్చు, చిన్న తేడాలకు అతిగా ప్రాధాన్యం ఇవ్వకూడదు.

బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం) సెక్షన్ 315 కింద జడ్జి సాక్షి తీరుపై తన అభిప్రాయం రాయవచ్చు. తలవంచుకుని మాట్లాడటం అలవాటైన మనిషిని "తప్పించుకుంటున్నాడు" అనుకునే ప్రమాదం ఇక్కడే.

అసలైన రక్షణ అదే చట్టంలోని సెక్షన్ 313. వాంగ్మూలం పూర్తయ్యాక సాక్షికి చదివి వినిపించాలి. అది ఆమెకు రాని భాషలో ఉంటే అనువదించి చెప్పాలి. తప్పుందంటే జడ్జి దిద్దాలి, లేదా ఆమె అభ్యంతరాన్ని నమోదు చేయాలి. హడావుడిలో సంతకమో వేలిముద్రో తీసుకుని పంపేస్తే ఆ అవకాశం పోతుంది. అందుకే సాక్షికి ముందే చెప్పండి: వినకుండా సంతకం పెట్టొద్దు.