వింత అనే మాట కొట్టెయ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ పిల్లల పుస్తకం 'బొలీవియా చూసొద్దాం రండి' రాతప్రతి చేరి పదిహేను రోజులు దాటింది. జవాబు రాలేదని రెండుసార్లు మెసేజ్ కూడా పెట్టావు. ఆలస్యానికి కారణం నీ ఏడో పేజీ. అది చదివిన రోజే పెన్ను పట్టుకుని కూర్చున్నాను. కోపంలో ఉత్తరాలు రాసి నేను ఎంతమందిని దూరం చేసుకున్నానో మా ఆవిడకు లెక్క తెలుసు. ఆ స్పైరల్ బైండింగ్ తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది. నిన్ననే చేతికిచ్చింది, కోపం తగ్గిందనుకుని.

ఏడో పేజీలో ఏం రాశావో గుర్తుందా? "సముద్రమే లేదు, కానీ నేవీ ఉంది! భలే వింత దేశం కదూ పిల్లలూ!" పక్కన బొమ్మ. ఎండిన నేల మీద పడవ, అందులో గాలం వేస్తూ ఓ లావుపాటి సిపాయి.

మీ తాత పొలం ఒకటి పోయిందనుకో. కోర్టుకెక్కారు, ఓడిపోయారు. ఆ గట్టు రాయి ఒకటి తెచ్చి మీ తాత ఇంటి ముందు పాతుకున్నాడు. దారిన పోయేవాడు చూసి "పొలం లేదు గానీ గట్టు రాయి ఉంది, వింత కొంప" అని నవ్వితే నీకెలా ఉంటుంది? బొలీవియా నేవీ ఆ గట్టు రాయి. అటకామా ఎడారిలో నైట్రేట్ మీద వేసిన పన్ను దగ్గర తగాదా మొదలై 1879లో చిలీతో యుద్ధమైంది. ఆ యుద్ధంలో దాదాపు 400 కిలోమీటర్ల తీరం పోయింది. 1904 ఒప్పందంతో ఆ పోవడం కాగితం మీదికి కూడా ఎక్కింది. హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టుకు వెళ్తే 2018 అక్టోబర్‌లో తీర్పు బొలీవియాకు వ్యతిరేకంగా వచ్చింది. అయినా ఏటా మార్చి 23న 'సముద్ర దినం' అని బడిపిల్లలు యూనిఫారాలు వేసుకుని బ్యాండుతో ఊరేగింపుగా నడుస్తారు. 1879లో అదే రోజున ఒక వంతెన దగ్గర చిలీ సైన్యానికి ఎదురు నిలబడి చనిపోయిన ఎదువార్దో అబరోవా అనే మనిషి కథ వాళ్ళందరికీ తెలుసు. లొంగిపొమ్మంటే "మీ అవ్వను లొంగిపొమ్మనండి" అన్నాడట. ఇంత బంగారంలాంటి ముక్క దొరుకుతుంటే నువ్వు గాలం బొమ్మ వేయించావు. ఆ నేవీ తితికాకా సరస్సులో, అమెజాన్‌లో కలిసే నదుల్లో నిజంగానే పడవలు నడుపుతుంది. ఆ సంగతీ రాయలేదు.

తర్వాత ఎర్ర పెన్నుతో వెతికాను. 64 పేజీల్లో 'వింత' 31 సార్లు ఉంది. వింత టోపీలు, వింత సంత, వింత భాష, వింత ఉప్పు.

బాగున్నది ఒక్కటి చెప్తాను. ఇరవై రెండో పేజీలో చునో, అంటే ఎండబెట్టి దాచుకునే ఉర్లగడ్డ, చేసే చోటు. చలి రాత్రులు ఉర్లగడ్డలు ఆరుబయట పరిచి గడ్డకట్టనిచ్చి, పొద్దున ఎండెక్కాక ఆ పిల్ల వట్టి కాళ్ళతో వాటిని తొక్కుతుంటే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు చిమ్మడం. నాలుగు వాక్యాలు. నా కాళ్ళు చల్లబడ్డాయి. అక్కడ 'వింత' లేదు, గమనించావా? ఆ పిల్ల పని చేసుకుంటోంది, అంతే. వడియాలు పెట్టిన ఇంట్లో పెరిగిన ఏ పిల్లకైనా అది ఇట్టే అర్థమవుతుంది.

ఈ మాట మీద నాకింత పగ ఎందుకో చెప్పాలి. 1980ల్లో నేను అనంతపురం వైపు ఒక పల్లెలో టీచరుగా ఉండేవాణ్ణి. బస్సెక్కి జిల్లా గ్రంథాలయానికి పోయి ఎన్‌సైక్లోపీడియా చూసి నోటు పుస్తకంలో ఎక్కించుకుని, పిల్లల మాసపత్రికలకు దేశాల గురించి రాసేవాణ్ణి. బొలీవియా మీద రాసిన వ్యాసానికి 'ఆకాశం పక్కన ఊరు' అని పేరు పెట్టాను. పత్రిక వచ్చాక చూస్తే 'టోపీలు పెట్టుకునే ఆడవాళ్ళ వింత దేశం' అని అచ్చయింది. ఎడిటరుగారి చలవ. పిల్లలకు వింతలు ఉంటేనే ఎక్కుతుందని ఆయన సిద్ధాంతం. నాకు 40 రూపాయలు మనియార్డరు వచ్చింది. నేనూ నోరు మూసుకున్నాను, ఆ తప్పు నాది.

ఆ పత్రికను గొప్పగా క్లాసులో చదివి వినిపించాను. అందరూ నవ్వారు. తండా నుంచి వచ్చే ఒక పిల్ల మాత్రం నవ్వలేదు. గంట కొట్టాక నా బల్ల దగ్గరికొచ్చి, "సార్, మా అవ్వ అద్దాల రైక ఏసుకుంటాది. చేతి నిండా గాజులుంటాయి. ఆయమ్మను గురించి ఎవురన్నా రాస్తే గూడా ఇట్లనే రాస్తారా సార్?" అంది. ఏదో చెప్పి పంపించాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు, చెప్పుకోదగ్గది కాదని మాత్రం తెలుసు. ఆ రోజు నుంచి ఆ మాట నా కలంలోంచి పోయింది. ఇంకో ముగ్గురు ఎడిటర్లతో దీని మీదే చెడింది. ఇప్పుడు ఎడిటర్లు 'వింత' అనరు, 'ఫన్ ఫ్యాక్ట్స్' అంటారు. సీసా మారింది, సరుకు అదే.

నీ టోపీల పేజీ కూడా అలాగే ఉంది. రైలు మార్గాలు వేసే ఇంగ్లీషువాళ్ళకు తెచ్చిన టోపీలు చిన్నవైపోతే ఆడవాళ్ళకు అంటగట్టారని ఖాయంగా రాశావు. అది జనం చెప్పుకునే కథ, 'అంటారు' అని రాయాలి. అసలు విషయం వేరే ఉంది. ఆ టోపీ, కుచ్చుల పావడా వేసుకునే ఆడవాళ్ళను 'చోలా' అని చులకనగా పిలిచేవారు, కొన్ని చోట్లకు రానిచ్చేవారు కాదు. ఇప్పుడు 'చోలీతా' అని వాళ్ళే గర్వంగా చెప్పుకుంటున్నారు. కొండలెక్కేవాళ్ళకు వంటలు చేసి, సామాన్లు మోసిన అలాంటి ఆడవాళ్ళు ఐదుగురు 2019 జనవరిలో అర్జెంటీనాలోని 6,961 మీటర్ల అకొన్‌కాగువా శిఖరాన్ని అవే పావడాలతో ఎక్కారు. ఇది రాయి. నా తండా పిల్లకు అప్పుడు నేను చెప్పలేకపోయిన జవాబు ఇదేనేమో.

నీ చింటూ, మిన్నూల మాయా తివాచీ తీసెయ్యి. హైదరాబాద్‌లో ఎక్కి బొలీవియా మీద తిరిగి హైదరాబాద్‌లో దిగారు, మధ్యలో ఒక్కసారి కూడా నేల మీద కాలు పెట్టలేదు. పైనుంచి చూస్తే ఏ దేశమైనా మ్యాపే. లా పాజ్ ఒక వంటింట్లో దించు వాళ్ళను. ఊరు 3,600 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి నీళ్ళు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి. మరుగుతున్నాయి, కానీ ఉర్లగడ్డ ఎంతకీ ఉడకదు. కుక్కర్ లేకపోతే ఆ ఇంట్లో పప్పు మధ్యాహ్నం దాటినా పలుకుగానే ఉంటుంది. ఆకలేసిన పిల్ల గిన్నె మూత ఎత్తి చూస్తుంది, వాళ్ళమ్మ చెయ్యి మీద కొడుతుంది. ఎత్తు అంటే ఏమిటో పిల్లలకు అక్కడ తెలుస్తుంది. తర్వాత కేబుల్ కారు ఎక్కించి పైన ఉన్న ఎల్ ఆల్తో ఊరికి పంపించు. 2014లో మొదలైనవి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లైన్లు, వాళ్ళ జెండా రంగులే. పైకి పోయే కొద్దీ చలి, పేదరికం, కిందికి దిగే కొద్దీ వెచ్చదనం, పెద్ద పెద్ద ఇళ్ళు. మన దగ్గర డబ్బున్నవాడు కొండ మీద కడతాడు, అక్కడ లోయలో కడతాడు. ఆ కేబుల్ కారు అద్దానికి ముక్కు ఆనించి చూసే పిల్లకు నువ్వు వేరే పాఠం చెప్పక్కర్లేదు.

అన్నట్టు, నీ పుస్తకం చదివితే దేశమంతా మంచు, లామా జంతువులే అనిపిస్తుంది. మూడింట రెండు వంతులు పల్లపు నేల. సాంతా క్రూస్ ఉక్కపోతలో పెరిగిన పిల్లలు జన్మలో మంచు చూసి ఉండకపోవచ్చు. వాళ్ళకు నీ పుస్తకం ఇస్తే ఇది ఏ దేశమని అడుగుతారు. విస్తీర్ణం 10,98,581 చదరపు కిలోమీటర్లు అని మొదటి వాక్యంలోనే మొహాన కొట్టావు. మన రెండు రాష్ట్రాలు కలిపితే ఎంతో అలాంటివి నాలుగు, అందులో జనం మాత్రం ఇంచుమించు ఒక్క హైదరాబాద్ మహానగరమంత అని రాస్తే సరిపోయేది. స్పానిష్ కాక 36 ఆదివాసీ భాషలకు 2009 రాజ్యాంగంలో అధికార హోదా ఇచ్చారు. నిజమే, కానీ నువ్వు వేసిన పట్టిక ఎవరు చదువుతారు? ఒక్క భాష తీసుకో.

తీసుకున్నావు, తీసుకుని దాన్ని 'తలకిందుల భాష' అన్నావు. అయ్మారాలో 'నయ్ర' అంటే కన్ను, ఎదుటిది, గడిచిపోయిన కాలం. జరిగింది కనిపిస్తుంది కాబట్టి ఎదురుగా ఉంటుంది. రేపు కనిపించదు, అందుకని వీపు వెనకాల. ఇందులో తలకిందులేముంది? మనం 'వెనకటికి ఒక రాజుండేవాడు' అంటాం, అదే నోటితో 'అంతకు ముందు ఇంకో రాజుండేవాడు' అంటాం, మళ్ళీ 'ముందు ముందు తెలుస్తుందిలే' అని బెదిరిస్తాం. అయ్మారా పిల్లలకు మన గురించి పుస్తకం రాస్తే ఆ బిరుదు ఎవరికి వస్తుంది?

అలాసితాస్ సంత గురించి ఎక్కువ చెప్పను, ఆ పేజీలో సగం బాగానే వచ్చింది. జనవరి 24 మధ్యాహ్నం పన్నెండుకు జనం ఎగబడి బుల్లి ఇల్లు, బుల్లి బియ్యం మూట, బుల్లి నోట్ల కట్ట, బుల్లి డిగ్రీ సర్టిఫికెట్ కొనుక్కోవడం, ఏడాదిలో అసలువి దక్కాలని కోరుకోవడం, సిరిసంపదలిచ్చే మీసాల దేవుడు ఎకేకో బొమ్మకు అవన్నీ తగిలించడం వరకు ఉంచు. లక్కపిడతలతో ఆడిన పిల్లకు ఆ సంతలో ఏది వింతగా ఉంటుంది చెప్పు? ఆ రోజు దినపత్రికలు కూడా అరచేతిలో పట్టేంత సైజులో అచ్చవుతాయి. అది చేర్చు.

పబ్లిషరు ఎవరు బాగుంటారు, బొమ్మలకు ఎంత ఇవ్వాలి, ముందుమాట రాస్తారా అని అడిగావు. పుస్తకం అయ్యాక చూద్దాం. వెళ్ళని దేశం గురించి రాయొచ్చా అని కూడా అడిగావు. నేనూ వెళ్ళలేదు.

ఇక చివరి పేజీలో 'మీకు తెలుసా?' అని డబ్బా కట్టి, అందులో వేరుశనగ పుట్టింది దక్షిణ బొలీవియా, వాయవ్య అర్జెంటీనా ప్రాంతంలో అని ఒక్క లైను పడేశావు. అమ్మాయీ, అది నీ మొదటి పేజీ! మా బడిలో బుడ్డలు పెరికే కాలం వస్తే సగం క్లాసు ఖాళీ. వచ్చినవాళ్ళ జేబుల నిండా పచ్చి శెనక్కాయలు. ఒకసారి పాఠం మానేసి అందరినీ పక్క చేనుకు తీసుకెళ్ళాను. పసుపు పువ్వు పైన పూస్తుంది, వాడిపోతుంది, దాని కింద నుంచి ఊడ ఒకటి సాగి మెల్లగా వంగి మట్టిలోకి దిగుతుంది, అక్కడ చీకట్లో కాయ అవుతుంది. మట్టి తవ్వి చూపించి, దీని పుట్టిల్లు బొలీవియా దగ్గర రా అన్నాను. ముందు బెంచీవాడు ఒకడు ఊడ పట్టుకుని, "ఇది మాది కదా సార్, వాళ్ళదెట్లవుతాది?" అన్నాడు. పీరియడ్ అయిపోయింది, వాదన అయిపోలేదు. ఇంటికి పోయి వాళ్ళ నాయనను కూడా అడిగాడట. ఆ వారమంతా క్లాసులో గ్లోబు ఖాళీగా లేదు.

దాని వెంటే సోపా దె మానీ ఇచ్చావు, కొచబాంబా వైపు శెనక్కాయల సూపు. నువ్వు 'వేయించిన పల్లీల పొడి' అని రాశావు. తప్పు. పచ్చి గింజలు నీళ్ళు పోసి రుబ్బి, మాంసం ఉడికిన నీళ్ళలో చాలాసేపు కాచి, చివర్లో వేయించిన ఉర్లగడ్డ ముక్కలు పైన వేస్తారు. మేము మాంసం లేకుండానే చేశాం, మొదట పచ్చి వాసన వచ్చింది, గంటసేపు కాగాక పోయింది. కొరియర్‌లో రెండు కిలోల కాయలు పంపిస్తున్నాను. సగం పిల్లలకు ఒలవడానికి ఇవ్వు. వేయించొద్దు.

ఆశీస్సులతో,
మాస్టారు