బరువు తగ్గాకే గుండె పరీక్షలు అనుకోకండి

వయసు 43, బరువు 101 కిలోలు, మూడుసార్లు తగ్గి మళ్లీ పెరిగాను, ఈసారి తగ్గాకే గుండె పరీక్షలకు వెళ్తాను అని మీరు రాశారు. ఈ లెక్కే వేసుకుని నేను నాలుగేళ్లు పోగొట్టుకున్నానండి.

అప్పట్లో నా బరువు 104. ప్యాంటు సైజు 38 కదా, మరీ అంత లావు కాదులే అనుకునేవాణ్ని. ఆస్పత్రిలో నర్సు చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య టేపు చుట్టి 113 సెంటీమీటర్లని రాసింది. ఇన్నాళ్లూ ప్యాంటు పొట్ట కింద కడుతున్నానని అప్పుడు వెలిగింది! భారతీయుల్లో మగవారికి 90, ఆడవారికి 80 దాటితేనే జాగ్రత్తపడమంటారు.

బీపీ దగ్గర ఇంకో తిరకాసు. లావు చేతికి మామూలు పట్టీ చుడితే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. నాకు మొదట 168 వచ్చింది, పెద్ద పట్టీతో 152. అదీ ఎక్కువే అనుకోండి, కానీ మందు మోతాదు ఆ అంకెను బట్టే కదా! ఇంటికి మిషను కొంటే దండచెయ్యి చుట్టుకొలత చూసి పట్టీ తీసుకోండి.

నిద్రలో నా ఊపిరి ఆగి ఆగి వస్తోందని మా ఆవిడ ఎన్నాళ్లుగానో చెబుతుంటే నవ్వేసేవాణ్ని. పరీక్ష చేస్తే స్లీప్ ఆప్నియా అని తేలింది. రాత్రిళ్లు గాలి పంపే మాస్కు పెట్టుకోవడం మొదలయ్యాక పొద్దుటి తలనొప్పి పోయింది, బీపీ కాస్త దిగింది.

తిండిలో నన్ను ముంచింది ఉప్పు. పప్పన్నంలోకి వడియాలు, పెరుగన్నంలోకి ఆవకాయ, సాయంత్రం మిక్చరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు. ఆవకాయను ఆదివారానికి జరిపాను, పూర్తిగా మానడం నావల్ల కాలేదు.

రెండేళ్లలో తగ్గింది 8 కిలోలే. అయినా రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు 290 నుంచి 160కి వచ్చాయి. చెడు కొలెస్ట్రాల్ మాత్రం తిండికీ నడకకూ లొంగలేదు, స్టాటిన్ మాత్రతోనే దిగింది. మాత్ర వేసుకుంటే ఓడిపోయినట్టేనని ఆర్నెల్లు మొండికేయడం నా తెలివితక్కువ.

బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ సంగతీ అడిగారు. 17,604 మందిపై జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో ఆ మందు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. అయితే వాళ్లంతా మధుమేహం లేనివారు, అప్పటికే గుండె, రక్తనాళాల జబ్బు ఉన్నవారు. ఆ అంకె మనకు అలాగే వర్తిస్తుందనుకోకండి.

బీపీ, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) ఈ వారమే చూపించుకోండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉంటే మాత్రం వారం కూడా ఆగకుండా, నడక మొదలుపెట్టకముందే డాక్టరు దగ్గరకు వెళ్లండి.